గంటకు పది రూపాయల నగరం

గ్రాండ్ తెఫ్ట్ ఆటో అనే వీడియో గేమ్ ఆరో భాగానికి, దాన్ని తయారు చేసే రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ పెట్టిన ముహూర్తం 2026 నవంబర్ 19, గురువారం. ఇది మొదటి ముహూర్తం కాదు. ముందు 2025లో వస్తుందన్నారు. 2025 మే నెల మొదట్లో దాన్ని 2026 మే 26కు జరిపారు. అదే ఏడాది నవంబరులో మరోసారి జరిపి ఈ గురువారానికి తెచ్చారు. అయిదో భాగం వచ్చింది 2013 సెప్టెంబర్ 17న. రెండింటి మధ్య పదమూడేళ్ల పైచిలుకు ఎడం. అది ఎంత కాలమో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో తెలుసుకోవడానికి వేళ్లు మడవనక్కర్లేదు. అయిదో భాగం విడుదలైన నాటికి తెలంగాణ రాష్ట్రమే ఏర్పడలేదు. అప్పటి నల్లగొండ ఇప్పుడు మూడు జిల్లాలు, అప్పటి మహబూబ్‌నగర్ అయిదు జిల్లాలు. ఎత్తిపోతల పథకాల వార్తలు చదువుతూ పెరిగిన ప్రాంతం కనుక ‘గడువు పొడిగింపు’ అనే మాట విని ఇక్కడ ఎవరూ ఉలిక్కిపడరు. అయినా ఒక వీడియో గేమ్ వాయిదా పడిందని ముప్పయి దాటిన మనుషులు, ఒకరు బ్యాంకులో, ఒకరు ఎరువుల దుకాణంలో, ఒకరు పొలం గట్టు మీద నిలబడి, ఆ వార్తను ఫోనులో ఒకరికొకరు పంపుకొని నిట్టూర్చడం కొంచెం వింతగానే ఉంటుంది.

ఆ నిట్టూర్పుకు మూలం అయిదో భాగంలో లేదు. వైస్ సిటీ అనే పేరులో ఉంది.

వైస్ సిటీ అదే వరుసలో ముందొచ్చిన ఆట. 2002 అక్టోబరులో టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ 2 అనే యంత్రం మీద, 2003 మే నెలలో కంప్యూటర్ మీద వచ్చింది. తయారు చేసింది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఉన్న రాక్‌స్టార్ నార్త్. అమెరికాలోని మయామీని పోలిన నగరం, కాలం 1986. పదిహేనేళ్లు జైల్లో గడిపి బయటికొచ్చిన టామీ వర్సెట్టీ ఒక మాదకద్రవ్యాల బేరానికి అక్కడికి వస్తాడు. బేరం మధ్యలో దాడి జరిగి డబ్బూ పోతుంది, సరుకూ పోతుంది. పోయినదాన్ని రాబట్టే క్రమంలో నగరాన్నే గుప్పిట్లో పెట్టుకోవడం మిగతా కథ. టామీకి గొంతు ఇచ్చిన హాలీవుడ్ నటుడు రే లియోటా 2022లో చనిపోయాడు. ఆరో భాగం మళ్లీ వైస్ సిటీకే వెళుతోంది. ఫ్లోరిడాను పోలిన లియోనైడా అనే రాష్ట్రంలో ఆ నగరం ఒక భాగం. కాలం మాత్రం ఇప్పటిది, నాయకులు జేసన్, లూసియా అనే జంట. లెక్క ప్రకారం ఇది వైస్ సిటీకి కొనసాగింపు కాదు. టామీ లేడు, ఆ కథ లేదు, ఊరి పేరొక్కటే కలిసింది. ఇక్కడి అభిమానులకు ఆ లెక్క పట్టదు. ‘వైస్ సిటీ మళ్లీ వస్తోంది’ అనే వాళ్లు అంటారు. ఆ మాటలో తప్పు పట్టే ముందు, వాళ్లు ఆడిన వైస్ సిటీ ఏదో చూడాలి. రాక్‌స్టార్ తయారు చేసింది ఒకటి, నల్లగొండ గడియారం సెంటరు చుట్టుపక్కలా పాలమూరు న్యూటౌన్‌లోనూ పిల్లలు ఆడింది మరొకటి.

2003లో ఈ పట్టణాల్లో వైస్ సిటీ కోసం ఎవరూ ఎదురుచూడలేదు. అలాంటిదొకటి వస్తోందనే తెలియదు. రెండు పట్టణాలూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. కొత్త వస్తువు ఏదైనా ఆ వంద కిలోమీటర్లు ఎవరో ఒకరి సంచిలో ప్రయాణం చేయాల్సిందే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకొచ్చిన నెట్ సెంటర్ యజమాని దాంతోపాటు రెండు గేమ్ సీడీలు కూడా తెచ్చేవాడు. హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదువుకునే ఏ అన్నో సెలవులకు వస్తూ ఇంకొకటి తెచ్చేవాడు. అవి అసలువి కావని వేరే చెప్పనక్కర్లేదు. వైస్ సిటీ ప్రపంచమంతటా కోటి 70 లక్షలకు పైగా కాపీలు అమ్ముడైందని లెక్కలున్నాయి. ఆ లెక్కలో ఈ రెండు జిల్లాల ఆటగాళ్లు దాదాపు ఎవరూ లేరు. డబ్బు కట్టకుండా ఆడినవాళ్ల అభిమానాన్ని ఎలా లెక్కించాలో ఆ వ్యాపారానికి ఇప్పటికీ తెలియదు. వాళ్లలో కొందరు పెద్దయ్యాక తర్వాతి భాగాలను డబ్బు పెట్టి కొన్నారన్నదీ నిజమే. కొనే స్తోమత ఉన్నవాళ్లు కొన్నారు అనాలి.

ఈ వరుసలోనే తర్వాత వచ్చిన శాన్ ఆండ్రియాస్ ఇంకా పెద్దది, నాలుగో భాగం ఇంకా అందమైనది. అయినా ఇక్కడ వైస్ సిటీయే ఎందుకు వేళ్లూనింది? ఒక జవాబు ఇనుప పెట్టెలో ఉంది. వైస్ సిటీ నడవడానికి 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. హార్డ్ డిస్కులో 915 ఎంబీ చోటు చాలు. అంటే ఒక జీబీ పెన్‌డ్రైవ్‌లో నగరం మొత్తం పట్టి ఇంకా కాస్త చోటు మిగులుతుంది. 2005లో కంప్యూటర్‌కు వచ్చిన శాన్ ఆండ్రియాస్‌కు 256 ఎంబీ ర్యామ్, 3.6 జీబీ చోటు కావాలి. 2008 చివర్లో వచ్చిన నాలుగో భాగానికి 16 జీబీ. నెట్ సెంటర్ నడిపేవాడు కంప్యూటర్లు కొన్నది ఇంటర్ ఫలితాలు చూపించడానికి, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టించడానికి, హాల్‌టికెట్లు ముద్రించడానికి. ఆ పనికి పాత యంత్రం సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు మార్చడానికి అతనికి ఒక్క కారణమూ లేదు. అందుకే ప్రపంచం ముందుకు వెళ్లిపోయాక కూడా చాలా ఏళ్లు ఈ పట్టణాల్లో గడియారం 1986 దగ్గరే ఆగిపోయింది. పెన్‌డ్రైవ్‌లో ఇంకా తేలిగ్గా పట్టాలని పాటలూ మాటలూ తీసేసి కుదించిన కాపీలు కూడా తిరిగేవి. వాటితో ఆడిన పిల్లలకు కారెక్కగానే రేడియో మోగుతుందనే తెలియదు. వాళ్ల వైస్ సిటీ మూగ నగరం. విచిత్రం ఏమిటంటే, పాటల హక్కుల గడువు తీరిందని 2012లో రాక్‌స్టార్ కూడా కంప్యూటర్ కాపీల నుంచి కొన్ని పాటలు తీసేసింది. దొంగ కాపీలు ముందే చేసిన పని అసలు కాపీ తర్వాత చేసింది.

ఫలితాలూ దరఖాస్తులూ ఏడాదిలో కొన్ని వారాలే. మిగతా రోజుల్లో ప్లైవుడ్ అరల మధ్య కంప్యూటర్లు ఊరికే కూర్చునేవి. ఆ ఖాళీని నింపినవాళ్లు బడి పిల్లలు. గంటకు పది రూపాయలు, కొన్నిచోట్ల పదిహేను, ఇరవై. అరగంటకు అయిదు రూపాయలతోనూ కూర్చోనిచ్చేవారు. కుర్చీ ఒకటే, దాని వెనక నిలబడే తలలు మూడు నాలుగు. డబ్బు ఒకడిది, సలహాలు అందరివీ. కొన్ని జట్లలో ‘చచ్చేదాకా’ అనే పద్ధతి ఉండేది. తెర మీద ‘వేస్టెడ్’ అని పడితే కుర్చీ దిగాలి. పోలీసులకు దొరికి ‘బస్టెడ్’ అని పడితే దిగాలా వద్దా అన్నది తెగని తగాదా. కరెంటు పోతే మిగిలిన నిమిషాలు మరుసటి రోజు ఇచ్చే యజమాని మంచివాడు. ఇవ్వనివాడి సెంటరుకు వేసవిలో ఎవరూ వెళ్లేవారు కాదు.

ఈ ఏర్పాటులో కథ నడవదు. వైస్ సిటీలో ఆటను భద్రం చేసుకోవాలంటే ఎక్కడ పడితే అక్కడ కుదరదు. హోటలుకో సొంత ఇంటికో వెళ్లి, అక్కడ తిరుగుతున్న క్యాసెట్ బొమ్మ మీద నిలబడాలి. మిషన్ మధ్యలో, అంటే కథలో అప్పగించిన పని మధ్యలో, భద్రం చేసే వీలు లేదు. భద్రం చేసినా అది ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఉన్నవి ఎనిమిది అరలు, సెంటరుకు వచ్చే పిల్లలు ఎనభై మంది. నిన్న సాయంత్రం కష్టపడి దాచుకున్న ఆట మీద ఇవాళ పొద్దున ఇంకెవడో తన ఆట రాసేస్తాడు. కొందరు యజమానులు కంప్యూటర్‌ను మళ్లీ వెలిగించగానే పాతదంతా తుడిచిపెట్టుకుపోయేలా ఏర్పాటు చేసేవారు. వైరస్ భయం వాళ్లది. దాంతో ప్రతి రోజూ టామీ కొత్తగా జైలు నుంచి వచ్చేవాడు. ప్రతి రోజూ అదే ఓషన్ వ్యూ హోటలు ముందు నిలబడేవాడు.

ఆట తొలి భాగంలో తుపాను హెచ్చరిక ఉందని చెప్పి వంతెనలు మూసేస్తారు. కథలో కొన్ని మిషన్లు పూర్తి చేస్తేనే అవి తెరుచుకుంటాయి. పడమటి ద్వీపం, అక్కడి విమానాశ్రయం, ఓడరేవు అన్నీ ఆ వంతెనలకు అవతలే. కట్టడం పూర్తికాని భవనంలోకి బొమ్మ హెలికాప్టర్‌ను పంపి నాలుగు బాంబులు పెట్టే మిషన్ ఒకటుంది. ప్రపంచమంతటా ఆటగాళ్లు తిట్టుకున్న మిషన్ అది. దాన్ని కీబోర్డుతో, వెనక నలుగురు అరుస్తుండగా, అయిదు రూపాయల సమయంలో దాటినవాడు ఆ వీధిలో కొన్నాళ్లు వీరుడు. మిగతావాళ్లు దాని జోలికి పోవడం మానేసి, ఊరిమీద పడి తిరిగారు. ఇక్కడి తరానికి వైస్ సిటీ అంటే కథ కాదు, తిరుగుడు. ఎవరి కారైనా ఎక్కొచ్చు, బీచి రోడ్డు మీద ఎటైనా పోవచ్చు, అడిగేవాడు లేడు. బడి, ట్యూషన్, ఇల్లు తప్ప నాలుగో చోటు లేని పిల్లవాడికి ఆ అరగంట ఏమిచ్చిందో పెద్దగా ఊహించనక్కర్లేదు.

తిరుగుడుకు కావలసిన సరుకు చీట్ కోడ్లు, అంటే కొడితే ఆట నియమాలు పక్కకు తప్పుకునే రహస్యపు మాటలు. నోటుపుస్తకం చివరి పేజీల్లో, లెక్కల రఫ్ పని పక్కన, వాటిని పొందికగా రాసుకునేవారు. ఈ పద్ధతిని కొంచెం ఆగి చూడాలి. వైస్ సిటీలో చీట్ కొట్టడానికి ప్రత్యేకమైన పెట్టె ఏదీ తెరుచుకోదు. ఆట నడుస్తుండగానే, ఖాళీ లేకుండా అక్షరాలన్నీ కొట్టుకుపోవాలి. కొట్టిన అక్షరాలు తెర మీద కనిపించవు. ఒప్పయితే మూలన ఒక చిన్న వాక్యం వస్తుంది, తప్పయితే ఏమీ రాదు. పోలీసులను వదిలించుకునే ‘లీవ్‌మీఅలోన్’లో పన్నెండు ఇంగ్లిష్ అక్షరాలున్నాయి. వాటిలో ‘ఏ’ అక్షరం టామీని ఎడమకు నడిపే మీట కూడా కాబట్టి, తుపాకులు పేలుతున్న నడివీధిలో అతను ఉన్నట్టుండి పక్కకు రెండడుగులు వేసేవాడు. ఆరోగ్యం నింపే కోడ్‌లో ఆస్పిరిన్ చివర మందుబిళ్ల పేరులో లేని ‘ఈ’ అక్షరం ఒకటి అదనంగా ఉంటుంది. అది తెలియక పదిసార్లు కొట్టి ఓడిపోయినవాళ్లున్నారు. ‘పాంజర్’ అంటే యుద్ధ ట్యాంకు కళ్ల ముందు ప్రత్యక్షం. తెలుగు మాధ్యమం పిల్లలు ఇంగ్లిష్‌లో అర్థం తెలియకుండా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్న పొడుగాటి మాటలు ఇవే అయి ఉంటాయి. మంత్రాన్ని ఎలా నేర్పుతారో అలాగే నేర్పారు: అర్థం అడగకు, ఉచ్చారణ తప్పకు.

ఇంకొక సంగతి. టామీకి ఈత రాదు. ఎన్ని తూటాలు తగిలినా తట్టుకునే మనిషి నీళ్లలో పడితే క్షణాల్లో చచ్చిపోతాడు. ఈ ప్రాంతానికి సముద్రం లేదు. చాలామంది పిల్లలు సముద్రమంటూ మొదట చూసింది వైస్ సిటీ బీచిలోనే. కానీ దిగుడు బావుల్లో నడుముకు తాడు కట్టించుకొని ఈత నేర్చిన పిల్లలు వాళ్లు. అంత మొనగాడు బావిలో దూకిన పదేళ్ల పిల్లవాడిపాటి కూడా కాడని తెలిసినప్పుడు వాళ్లకు కలిగిన ఆశ్చర్యం, బహుశా ఆ ఆటను తయారు చేసినవాళ్ల ఊహకు కూడా అందనిది. కార్లను సముద్రం మీద నడిపే చీట్ ఇక్కడ అంతగా వాడుకలోకి రావడానికి ఇదీ ఒక కారణం అనుకోవచ్చు.

ఈ జ్ఞాపకాన్ని మరీ ముద్దు చేయడం కూడా తగదు. అది పెద్దవాళ్ల కోసం తయారైన ఆట. పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు దారిన పోయేవాళ్లను తొక్కించి నవ్వుకున్నారు. కుర్చీ వెనక నిలబడిన గుంపులో అమ్మాయి ఉన్న సెంటర్లు అరుదు. అన్నతోపాటు వచ్చిన చెల్లెలు హాల్‌టికెట్ తీసుకొని గుమ్మం దగ్గరే నిలబడేది. ‘మన తరం మొత్తం వైస్ సిటీ ఆడింది’ అని ఇవాళ రాసుకునేవాళ్లు తరం అంటే మగపిల్లలే అనుకుంటున్నారని గమనించరు. ఆరో భాగంలో ఇద్దరు నాయకుల్లో ఒకరు లూసియా అనే స్త్రీ. మూడో భాగం నుంచి ఇప్పటిదాకా పెద్ద భాగాల్లో దేనికీ స్త్రీ నాయిక లేదు. ఆ మార్పు మీద పాత ఆటగాళ్లలో కొందరు చేసే వెటకారాలు చూస్తే, ప్లైవుడ్ అర ఇంకా వాళ్ల తలల్లోనే ఉందనిపిస్తుంది.

ఇక ఆలస్యం సంగతి. మూడో భాగం 2001, వైస్ సిటీ 2002, శాన్ ఆండ్రియాస్ 2004, నాలుగు 2008, అయిదు 2013, ఆరు 2026. ఒక్క ఏడాదితో మొదలైన ఎడం రెండేళ్లు, నాలుగేళ్లు, అయిదేళ్లు అవుతూ పదమూడేళ్లకు చేరింది. వైస్ సిటీ ఏడాదిలో రావడానికి కారణం అప్పటికి దాని ఎముకల గూడు సిద్ధంగా ఉండటం. మూడో భాగానికి వాడిన సాంకేతిక పనిముట్లనే వాడి, కొత్త నగరాన్ని దాని మీద కప్పారు. మనుషుల ముఖాలు బొమ్మలకు అతికించిన కాగితాల్లా ఉన్నా ఆనాడు ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఒక పాత్ర చెమట పట్టిన చేతిని లుంగీకి తుడుచుకుంటే చేతిలో తడి తగ్గి లుంగీ మీద మరక కనిపించాలని చూసేవాళ్లు అడుగుతారు. అలాంటి ప్రతి చిన్న సంగతికీ ఎవరో ఒకరు నెలల తరబడి కూర్చోవాలి. అయిదో భాగంతోపాటు 2013 అక్టోబరులో మొదలైన ఆన్‌లైన్ ఆట ఏళ్ల తరబడి డబ్బు తెచ్చిపెడుతూనే ఉంది. పాత ఆవు పాలిస్తున్నంత కాలం కొత్త ఆవు కోసం సంతకు పరుగెత్తే అవసరం ఏ యజమానికీ ఉండదు. మధ్యలో అదే సంస్థ 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ అనే మరో ఆట రెండో భాగాన్ని తెచ్చింది. దాన్ని పూర్తి చేయడానికి ఉద్యోగులతో విపరీతమైన గంటలు పని చేయించారన్న విమర్శ అప్పట్లో పెద్ద చర్చ అయింది. ఆలస్యాన్ని తిట్టేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. తేదీ జరగకపోతే జరిగేది రాత్రుళ్ల పని.

పాత సరుకును తొందరపడి కొత్తగా అమ్మబోయి ఏమయిందో 2021లో చూశారు. మూడో భాగం, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లను కలిపి కొత్త మెరుగులతో నవంబరులో విడుదల చేస్తే అది తప్పుల తడకగా తేలింది. వాన పడితే తెర మీద తెల్లగీతలు తప్ప దారి కనిపించలేదు. సంస్థ క్షమాపణ చెప్పుకుంది. అందులో ఒక తప్పు మాత్రం విడిగా చెప్పుకోదగ్గది. పాత యంత్రాల శక్తి చాలక శాన్ ఆండ్రియాస్‌లో దూరంగా ఉన్నదాన్నంతా మంచుతెరతో కప్పేవారు. కొత్త యంత్రాలకు ఆ అవసరం లేదని ఆ తెర తీసేశారు. తీసేసరికి, మహారాజ్యంలా అనిపించిన ప్రపంచం ఒక కొండెక్కితే ఈ చివర నుంచి ఆ చివరి వరకు కనిపించేంత చిన్నదని బయటపడింది. జ్ఞాపకానికి కూడా అలాంటి మంచుతెర ఉంటుంది. నెట్ సెంటరు పిల్లలకు వైస్ సిటీ అంత పెద్దదిగా మిగలడానికి కారణం అరగంటలో దాని చివర చూడలేకపోవడమే. 1997లో ప్రకటించి 2011లో తెచ్చిన డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే వేరే ఆట పద్నాలుగేళ్ల ఆశను మోయలేక చతికిలపడిన సంగతి ఆటలను పట్టించుకునేవాళ్లందరికీ తెలుసు. ఆరో భాగానికి ఆ గతి పడుతుందని అనుకోవడానికి ఆధారం లేదు, ట్రైలర్లు అబ్బురంగానే ఉన్నాయి. కానీ ఇక్కడి పాత ఆటగాడి మనసులో దానికి పోటీ 2002 నాటి వైస్ సిటీ కాదు, పూర్తిగా ఎప్పుడూ చూడని వైస్ సిటీ. దానితో గెలవడం కష్టం.

ఖర్చు దగ్గరికి వస్తే దూరం ఇంకా తెలుస్తుంది. ఆరో భాగాన్ని ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకే. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అడుగుపెట్టినప్పుడు డిస్కు పెట్టే రకం ధర 49,990 రూపాయలు, ఆ తర్వాత ఇంకా పెరిగింది. పాత రేటున గంటకు పది రూపాయల చొప్పున అది 4,999 గంటల ఆట. యంత్రం లేనివాళ్లు కంప్యూటర్ కాపీ కోసం ఆగాలి. వైస్ సిటీ కంప్యూటర్‌కు రావడానికి ఏడు నెలలు పట్టింది, అయిదో భాగానికి పందొమ్మిది. ఆరుకు కంప్యూటర్ తేదీయే ప్రకటించలేదు. వచ్చినా అది పెన్‌డ్రైవ్‌లో పట్టే సరుకు కాదు. పాత నెట్ సెంటర్లు చాలావరకు మూతపడ్డాయి, మిగిలినవి జిరాక్స్ దుకాణాలయ్యాయి. 2016లో చౌక డేటా వచ్చాక పిల్లల ఆట ఫోనులోకి వెళ్లింది. ఇప్పటి పన్నెండేళ్ల పిల్లవాడికి ఆటంటే ఊరికే వచ్చేది, అరచేతిలో ఉండేది, గుంపుగా తుపాకులు పట్టేది. వాడికి ఆరో భాగం గురించి మామయ్య ఎందుకంత ఆరాటపడుతున్నాడో అంతుబట్టదు.

నిజానికి ఈ ఆరాటమే ఇక్కడికి కొత్త. ఆనాడు ఆట ఎన్నేళ్లు ఆలస్యంగా వచ్చినా అది ఆలస్యమని తెలియదు. వైస్ సిటీని 2008లో మొదటిసారి చూసిన దేవరకొండ పిల్లవాడికి అది 2008 ఆటే. తేదీ తెలియనివాడికి వాయిదా ఉండదు. 2023లో ఆరో భాగం తొలి ట్రైలర్ డిసెంబర్ 5న మన సమయం ప్రకారం సాయంత్రం ఏడున్నరకు వస్తుందన్నారు. ముందుగానే ఎవరో బయటపెట్టేయడంతో తెల్లవారుజామునే వదిలారు. వనపర్తిలో పాల ప్యాకెట్ కోసం లేచినవాడు, న్యూయార్క్‌లో సాయంత్రం ఇల్లు చేరినవాడు దాన్ని ఒకే సమయంలో చూశారు. వార్తకు ఆ వంద కిలోమీటర్ల దూరం లేకుండా పోయింది. వస్తువుకు మాత్రం అది పెరిగింది. ఎదురుచూపు అంటే ఈ రెండింటి మధ్య మిగిలిన ఖాళీయే. 2022 సెప్టెంబరులో దొంగతనంగా బయటికొచ్చిన తొంభై దాకా వీడియోలు, వాటి మీద తెలుగులో గంటల కొద్దీ విశ్లేషణలు, రెండో ట్రైలర్‌లో ఏ సీసా మీద ఏ అక్షరముందోనన్న పరిశోధనలు, ఇవన్నీ ఆ ఖాళీలో కాపురం పెట్టినవే. ఇందులో ఒక చిన్న ఊరట కూడా ఉంది. రాక్‌స్టార్‌కు బెంగళూరులో స్టూడియో ఉంది, 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో అది తనలో కలుపుకుంది. అంటే వైస్ సిటీని నిర్మించే చోటు ఇప్పుడు మహబూబ్‌నగర్‌కు ఎడిన్‌బరో అంత దూరంలో లేదు, పాలమూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెంటే దక్షిణాన ఉంది.

మధ్యలో ఇంకొకటి జరిగింది. వైస్ సిటీ కథ ఎలా ముగిసిందో ఇక్కడివాళ్లలో చాలామంది పదిహేనేళ్లు ఆలస్యంగా యూట్యూబ్‌లో తెలుసుకున్నారు. మొదటి నుంచీ టామీ పక్కనే తిరిగిన లాన్స్ చివర్లో ద్రోహం చేస్తాడు. నమ్మిన స్నేహితుడు వెన్నుపోటు పొడిచే కథలకు తెలుగు ప్రేక్షకుడు కొత్తవాడు కాదు, ఎదురుగా కూర్చొని ఆడి ఉంటే మొదటి అరగంటలోనే పసిగట్టేవాడు. కానీ ఆ సబ్‌టైటిళ్లు ఇంగ్లిష్‌లో పరుగెత్తేవి, వెనక నుంచి ‘దాన్ని దాటెయ్, కారెక్కు’ అని అరిచేవారు.

నవంబరు మూడో వారం అంటే నల్లగొండలో వడ్ల కల్లాల కాలం, పాలమూరులో పత్తి ఏరే కాలం. ఆ గురువారం నాటికి ఒకప్పటి కుర్చీ వీరుల్లో కొందరు ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర తేమ శాతం చూపించుకుంటూ, తూకం వంతు కోసం టార్పాలిన్ మీద కూర్చొని ఉంటారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే స్నేహితుడెవడో యంత్రం కొని ఉంటాడు, వాడు ఆడుతుంటే వీళ్లు ఫోనులో చూస్తారు. కుర్చీ వెనక నిలబడి చూడటం వాళ్లకు అలవాటే. సలహాలు కూడా ఇస్తారు. వాళ్లలో సగం మంది వైస్ సిటీలో ఆ వంతెన దాటి అవతలికి ఒక్కసారీ వెళ్లినవాళ్లు కాదు.